కడుపు చెప్పు కబురు



నేడు నేను మాటాడబూనిన విషయము నలుగురిలో ఎత్తదగినది కాదని మీలో కొందఱు తలపవచ్చును. భోజనమును గూర్చి మనము ఎంతసేపైనను ముచ్చటించుకొందుము. ఆ భోజనము కడుపులో ఏమైనదో, ఏ రీతిని వెలికి వచ్చినదో చెప్పుకొనవలసి వచ్చినప్పుడు మాత్రము నోరు రాదు. ‘కాలకృత్యములు’ అని ఒక్క మాట యని ఊరకుందుము. మాటలో అట్టి మర్యాద ఉండదగినదే. కాని మర్యాద వేఱు, మఱుగు వేఱు. మఱుగుపఱచుట వలన ప్రాణములు పోయిన ఇండ్లు నేనెఱుగుదును. వానిలో మా ఇల్లు ఒకటి. అందుచేత, మలవిసర్జనములో కలుగు మార్పులను మనుష్యులు పూర్వమునుండి ఎట్లు గమనించిరో, ఎక్కడ పొరబడిరో, ఎట్లు నేర్చుకొనిరో ఆ చరిత్రను కొంత విన్నవించి, దానివలన మనకు తెలియవలసినదేమో చెప్పి సెలవు తీసికొందును.

నేను ఓరుగంటిలోని కాశిబుగ్గవాడను. బుగ్గ యనగా నేలనుండి తనంత తానుబికి వచ్చు ఊట. ఊటను నమ్ముకొని బ్రతికిన వారికి ఒక సంగతి తెలియును. నీటి రంగు మాఱినను, వాసన మాఱినను, ధార సన్నగిలినను, నేల లోపల ఏదో మాఱినదని వారు గ్రహింతురు. దిగి చూడ నక్కఱలేదు. దేహమును ఇట్టిదే. లోపలి సమాచారమును అది ప్రతిదినము ఉదయమున వెలికి పంపుచున్నది. మనము చూడకుండ నీళ్లు పోసి వచ్చుచున్నాము.

మా తండ్రిగారు ధాన్యపు అంగడిలో కాటా వేయువారు. సూర్యోదయమునకు ముందు చెంబు చేతబట్టి ఊరివెలుపలికి పోయి వచ్చుట ఆయనకు ఎన్నడును తప్పని నియమము. ఆయన తిరిగి వచ్చిన వేళను బట్టియే మా అమ్మ పొయ్యి రాజేసెడిది. 1978వ సంవత్సరమున, ఆయనకు ఏబది యెనిమిదేండ్లు నిండిన తరువాత, ఆ నియమము చెడినది. ఒకనాడు మూడు మార్లు పోవును, పిమ్మట మూడు దినములు పోకుండును. పోయి వచ్చినను ఇంకను మిగిలినట్లే యుండునట. మేము అడుగలేదు, ఆయన చెప్పలేదు. నెత్తురు కనబడుటతో మూలశంక యనుకొని, సంతలో అమ్ము పొట్లములు తెచ్చుకొని వాడిరి. పంచె నడుమున నిలువక జాఱుచుండగా ముడి మఱింత బిగించుకొనెడివారు. తుదకు పట్టణపు వైద్యుని యొద్దకు తీసికొనిపోతిమి. ఆయన వ్రేలితో పరీక్షించి, చేయి కడుగుకొని, “ఎన్నాళ్లనుండి?” అని యడిగెను. మా తండ్రిగారు నా వైపు చూచి, “ఈ నెలనుండియే” అనిరి. తలుపు చాటున నిలిచిన మా అమ్మ మెల్లగా, “కాదయ్యా, బతుకమ్మ పండుగ నాటినుండి” అన్నది. బట్టలుదికిన చేతులు కనుక ఆమెకు తెలియును. అప్పటికి ఎనిమిది నెలలు గడచినవి. పెద్దపేగు చివర పుట్టిన పుండు కాలేయము దాక పాకినది. తరువాత ఆయన నాలుగు మాసములు బ్రతికిరి.

అదే ప్రశ్నను అదే వేలుపరీక్షతో మొదటి మాసముననే ఎవరైన అడిగియుండిన ఏమగునో నేను నిశ్చయముగా చెప్పజాలను. ఆ యెనిమిది నెలలు మాత్రము ఆయనవే, మావే. వానిని ఎవరును మానుండి గుంజుకొనలేదు, మేమే సిగ్గునకు అప్పగించితిమి.

ఈ సిగ్గు మన పూర్వులది కాదు. చరకసంహితలోను సుశ్రుతసంహితలోను రోగిని పరీక్షించు విధము చెప్పునప్పుడు మలమును చూడవలెననుట స్పష్టముగా కలదు. రంగు, వాసన, చిక్కదనము, జిగట, నెత్తురు, ఎన్ని మార్లు, ఏ వేళ అను వివరములన్నియు అడుగవలెను. నీళ్లవలె తెగి పాఱుటను అతిసారమనిరి. తిన్నది పచనము కాకుండ ఒకనాడు గట్టిగా, ఒకనాడు పలుచగా పోవుచు మనిషిని క్రమముగా కృశింపజేయు దీర్ఘరోగమును గ్రహణి యనిరి. అన్నము పక్వమగు వఱకు దానిని పట్టి నిలుపు అవయవము గ్రహణి, అది చెడుటయే ఆ రోగము. పిమ్మట మాధవనిదానము ఈ రెంటిని వేర్వేఱు ప్రకరణములుగా చేసి లక్షణములు కూర్చినది. మన తెలుగు వైద్యులు పరంపరగా చదివిన బసవరాజీయములోను ఈ విచారణ కలదు.

ఆ గ్రంథములలో ఒక చిత్రమైన పరీక్ష యున్నది. మలమును నీటిలో వేసిన మునిగినచో అది ఆమము, అనగా పచనము కానిది. తేలినచో పక్వమైనది. వేలకొలది యేండ్లు వైద్యులు దీనిని నమ్మిరి. పశ్చిమ దేశపు వైద్యులు దీనికి తలక్రిందుగా, తేలు మలములో క్రొవ్వు ఎక్కువ యుండునని తలచిరి. 1972లో అమెరికాలో ఇద్దఱు పరిశోధకులు పరీక్షించి చూడగా, మలము తేలుటకు ముఖ్యకారణము క్రొవ్వు కాదు, అందు చిక్కుకొనిన వాయువు అని తేలినది. అనగా పెద్దలు చెప్పిన గుర్తు సంపూర్ణముగా నిలువలేదు, తరువాతివారు చెప్పినదియు నిలువలేదు. నిలిచినది చూడవలెనన్న బుద్ధి. శాస్త్రము గుర్తులను దిద్దుకొనగలదు. చూడనివానికి దిద్దుకొనుటకేమియు ఉండదు.

మన ఓరుగల్లు రాజధానిగా నున్న కాలమున రోగి తన బాధను చెప్పుకొనుటకు ఒక చోటు కలిగియుండుట రాజధర్మమని తలచిరి. 1261వ సంవత్సరపు మల్కాపురశాసనము గుంటూరు మండలమున దొరకినది. రుద్రమదేవి నాటి ఆ శాసనములో విశ్వేశ్వరశివాచార్యుల మఠమునకు చేర్చి ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడుపుటకు గ్రామాదాయములో భాగములు ఏర్పఱచినట్లు చెప్పబడినది. ఏడువందల యేండ్ల నాటి ఆ దానకర్తలకు తెలిసిన సత్యమేమనగా, రోగము ఇంటిలో దాగియుండరాదు, వెలుపలికి వచ్చి వైద్యుని కంట పడవలెను.

తరువాతి కాలమున మన దేశమును వణకించిన కడుపురోగము గత్తర. పుస్తకములలో దానిని కలరా యందురు. 1817లో వంగదేశపు జెస్సోరు ప్రాంతమున రేగి, సైన్యముల వెంటను యాత్రికుల వెంటను బాటలు పట్టి దేశమంతట, దేశాంతరములకును వ్యాపించినది. ఉదయమున ఆరోగ్యముగా నున్న మనిషి సాయంకాలమునకు కన్నులు లోతుకు పోయి, చేతి చర్మము ముడుతలు పడి ఉండడు. విరేచనము బియ్యము కడిగిన నీళ్లవలె నుండును. దేవతాగ్రహమని కొందఱు, చెడుగాలి యని దొరల దేశపు వైద్యులును నమ్మిరి.

లండనులో జాన్ స్నో అను వైద్యుడు మాత్రము ఒక చిన్న సంగతి పట్టుకొనెను. ఈ రోగము మొట్టమొదట కడుపులోనే కనబడుచున్నది. గాలివలన వచ్చినచో ఊపిరితిత్తులలో గాని, ఒంటిమీద గాని మొదలు కావలెను గదా! కడుపులో మొదలగుటను బట్టి, రోగి దీనిని మ్రింగి యుండవలెను. ఏమి మ్రింగెను? నీళ్లు. 1854లో ఆయన ఇంటింటికి పోయి విచారించి, ఒక వీధిలోని పంపునీరే కారణమని చూపెను. 1883-84లో రాబర్టు కాక్ ఈజిప్టులోను కలకత్తాలోను వెదకి ఆ రోగక్రిమిని స్థిరపఱచెను. 1959లో కలకత్తాలోనే శంభునాథ్ దే, ఆ క్రిమి విడుచు విషము పేగులను పిండి నీటిని వెడలగొట్టునని నిరూపించెను. అనగా మనిషిని చంపునది నీటి నష్టము, ఉప్పు నష్టము.

ఆ జ్ఞానము ఫలించిన చోటు కూడ మన దేశమే. 1971లో బంగ్లాదేశ యుద్ధశరణార్థులు లక్షలుగా వంగదేశపు సరిహద్దు చేరినప్పుడు, బనగావ్‌లో దిలీప్ మహలనబిస్ అను వైద్యునికి నరములలో ఎక్కించు మందునీరు చాలలేదు. ఆయన ఉప్పు, పంచదార వంటివి పాళ్లుగా కలిపిన పొడిని నీటిలో కరగించి, రోగుల బంధువుల చేతనే త్రాగించెను. నూటికి 30 వఱకు నుండిన మరణములు 4 కంటె తక్కువకు దిగినవి. పంచదార తోడుండిన ఉప్పును పేగు లోపలికి లాగుకొనును, ఉప్పు వెంట నీరు పోవును. ఇదియే అందలి కీలకము. ఇంటిలో పొట్లము లేనినాడు, శుభ్రమైన ఒక లీటరు నీటిలో ఆఱు చిన్నచెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా తలతో సరిగా కొలిచి, కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. ఉప్పు ఎక్కువ కారాదు. పిల్లలకు విరేచనములైనప్పుడు నీళ్లు మాన్పుట మన ఇండ్లలోని పాత పొరబాటు. మాన్పరాదు, ఇంకను ఎక్కువగా ఇయ్యవలెను. చనుబాలును మాన్పరాదు.

గత్తర ఒక్క దినములో చంపును కనుక అందఱును చూతురు. నెలలకొలది సాగి చంపునవి చూడబడవు. అట్టి దాని చరిత్రలో మన తెలుగువాని కథ ఒకటి కలదు. అది మీరు వినదగినది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. యౌవనమున ఆయన అన్నదమ్ములలో ఇద్దఱు కొద్ది దినముల యెడముతో ఒకే రోగమునకు బలియైరి. ఇంగ్లీషు వైద్యులు దానికి ‘స్ప్రూ’ అని పేరిడిరి. మన గ్రహణికి మిక్కిలి దగ్గఱి చుట్టము. విరేచనములు పాలిపోయిన రంగుతో, నురుగుతో, క్రొవ్వు జిడ్డుతో, ఎక్కువ మొత్తముగా, దుర్గంధముతో పోవును. నాలుక పుండ్లు పడి ఎఱ్ఱనగును. తిన్నది ఒంటబట్టదు. రక్తము పలుచబడి మనిషి ఎండిపోవును. 1759లోనే బార్బడోసు దీవియందు విలియం హిల్లరీ అను వైద్యుడు దీనిని వర్ణించియుండెను. వర్ణించిన వారుండిరి గాని, మాన్పు వారు లేకుండిరి.

సుబ్బారావుగారు మదరాసు వైద్యకళాశాలలో చదువుచుండగా ఆయనకే ఆ రోగము సోకెను. ఆయుర్వేదపండితులగు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన కోలుకొనిరి. చదువు ముగిసిన పిదప ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేదకళాశాలలోనే ఉపాధ్యాయులై, 1920 దాటిన తరువాత అమెరికా చేరి హార్వర్డులో పరిశోధనకు దిగిరి. 1940లో లెడర్లే అను మందుల సంస్థలో చేరి పరిశోధక బృందమునకు నాయకులైరి.

ఈలోపల రెండు కొసలు దొరకినవి. 1931లో లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయిలో గర్భిణులగు పేద స్త్రీల రక్తహీనతను ఈస్టు నుండి తీసిన సారముతో మాన్పగలిగెను. ఆ సారములోని వస్తువేదో తెలియలేదు. 1941లో అమెరికాలో కొందఱు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి అట్టి వస్తువును కొంత రాబట్టిరి. ఆకులో దొరకినది గనుక లాటిను భాషలో ఆకునకు గల పేరును బట్టి దానిని ఫోలిక్ ఆమ్లమనిరి. టన్నుల ఆకుకూరను కాచి గురిగింజలంత మందు తీయుచుండిన రోగులందఱికి ఎట్లు చాలును? 1945లో సుబ్బారావుగారి బృందము దానిని ప్రయోగశాలలో తయారుచేసి, నిర్మాణము తేల్చినది. వెంటనే క్యూబా, ప్యూర్టోరికో దేశములలోని స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా, నాలుక మానినది, రక్తము ఊరినది, ఆకలి పుట్టినది. ఆ రోగమునకు సూక్ష్మక్రిముల సంబంధమును ఉన్నందున ఇప్పుడు దానితో పాటు మఱియొక మందును ఇత్తురు. ఆ మందు టెట్రాసైక్లిను జాతిది. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిను 1948లో లెడర్లేలోనే వెలువడినది. ఆ సంవత్సరము ఆగస్టు మాసమున సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూసిరి.

తన అన్నదమ్ములను చంపిన రోగమునకు మందు చేసిన ఈ వృత్తాంతమును నేను తలచుకొన్నప్పుడెల్ల నా మనస్సు ఒక సంగతిపై నిలుచును. ఆయన మందు వచ్చిన తరువాతను, 1960 ప్రాంతమున చిత్తూరు సరిహద్దున గల ఉత్తర ఆర్కాటు గ్రామములలో స్ప్రూ చెలరేగి ప్రాణములు గొన్నది. వెల్లూరు వైద్యులు ఊరూర తిరిగి దానిని పరిశీలించిరి. మందు పుట్టుట ఒకటి, మనిషి నోరు విప్పి తన విరేచనముల సంగతి చెప్పుట మఱొకటి. రెండును కలిసిననే ప్రాణము నిలుచును.

చెప్పకపోవుట ఒక తప్పు. అతిగా భయపడుట మఱొక తప్పు. దానికిని చరిత్ర కలదు. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున లండనులో సర్ విలియం ఆర్బత్‌నాట్ లేన్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు, మలబద్ధము వలన దేహమెల్ల విషమయమగునని నమ్మి, రోగుల పెద్దపేగులనే కోసి తీసివేయుచుండెను. తరువాతి పరిశోధనలు ఆ విషవాదమునకు ఆధారము లేదని తేల్చినవి. మన ఇండ్లలోను, పిల్లలను పట్టుకొని ముక్కు మూసి ఆముదము పోయుట మీలో పెక్కండ్రకు జ్ఞాపకముండును. ప్రతిదినము విరేచనమునకు మందు మ్రింగువాని పేగు, మందు లేనిదే కదలని స్థితికి వచ్చునన్న భయము వలన కాకున్నను, అసలు కారణము మఱుగున పడును గనుక ఆ అలవాటు మంచిది కాదు.

మఱి సహజమైనదేది? 1965లో బ్రిటనులో వేయిమందికి పైగా జనులను విచారించగా, దినమునకు మూడు మార్లు మొదలు వారమునకు మూడు మార్లు వఱకు పోవువారందఱును ఆరోగ్యవంతులలో కనబడిరి. 1997లో బ్రిస్టలు పట్టణపు వైద్యులు మలరూపములను ఏడు తరగతులుగా చేసి బొమ్మలు వేసిరి. మేకపెంటికలవలె గట్టిగా విడివిడిగా నుండునది మొదటిది, కేవలము నీరు ఏడవది, నునుపుగా మెత్తగా నుండునది నడుమది. రోగికి సిగ్గయినచో బొమ్మపై వ్రేలు పెట్టి చూపిన చాలును. కనుక పక్కింటివానితో పోల్చుకొని దిగులుపడ నక్కఱలేదు. మీకు మీరే కొలత. నలుబదియేండ్లుగా ఒక రీతిని నడచినది, కారణము లేకుండ మాఱి, మాఱినట్లే నిలిచినచో, అదియే కబురు.

కారణములు పెక్కు సులభమైనవియే. నీరు తక్కువ త్రాగుట, ప్రయాణము, ఉపవాసము, ఇనుపమాత్రలు, అభిని కలిసిన నొప్పిమందులు మలమును బిగించును. గొంతుక దగ్గఱి థైరాయిడ్ గ్రంథి మందగించినను బిగియును. తిండి మాఱుట పెద్ద కారణము. ఆఫ్రికాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అను వైద్యుడు 1970 తరువాత, పీచు గల ముతకతిండి తినువారికి మలము మెత్తగా సులభముగా పోవుననియు, వారిలో పెద్దపేగు రోగములు అరుదనియు గట్టిగా ప్రచారము చేసెను. ఆయన చెప్పినదెల్ల నిలువకపోయినను, పీచు మేలు నిలిచినది. మన తాతలు జొన్నగటుక, తైదఅంబలి తినిరి. మనము తెల్లగా పాలిషు పట్టిన బియ్యమునకు దిగితిమి. మలబద్ధమునకు మొదటి మందు అంగడిలో లేదు. జొన్నలు, ఆకుకూరలు, పప్పులు, నీళ్లు, నడక, మందు.

ఇంక కన్ను కనబడని సంగతి. పెద్దపేగులో పుండు పుట్టుటకు ముందు పెక్కుసార్లు చిన్న పులిపిరి వంటి బొడిపె లేచును. అది పుండగుటకు సాధారణముగా ఏండ్లు పట్టును. ఆ కాలములో అది కొద్దికొద్దిగా నెత్తురు కార్చును. అది కంటికి కనబడదు. 1864లోనే వాన్ డీన్ అను శాస్త్రజ్ఞుడు గ్వాయకమను చెట్టుబంకతో దాగిన నెత్తురును నీలిరంగుగా కనుగొను విధము చెప్పెను. ఆ పాత చిట్కాయే మెఱుగుపడి, 1993లో అమెరికాలోని మిన్నెసోటాలో వేలకొలది ప్రజలపై వెలువడిన ఫలితముగా నిలిచినది. ఏటేట ఈ పరీక్ష చేయించుకొన్నవారిలో పెద్దపేగు పుండు వలని మరణములు మూడవవంతు తగ్గినవి. 1969 నాటికి వంగు గొట్టముతో పేగు లోపల చూచి, బొడిపెను అక్కడికక్కడనే తీసివేయు నేర్పును వచ్చినది. మా తండ్రిగారి కాలమున ఈ ఉపాయములు మా ఊరికి దూరము. నేడు ఓరుగంటిలో 1959లో స్థాపించిన కాకతీయ వైద్యకళాశాలయు, మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలయు కలవు. దూరము నేలపై తగ్గినది. మనస్సులో తగ్గలేదు.

కావున పెద్దలారా, ఈ గుర్తులను జ్ఞాపకముంచుకొనుడు. అలవాటు మాఱి మూడు వారములు దాటినను సర్దుకొననిచో వైద్యునికి చెప్పవలెను. ఏబదియేండ్లు దాటినవారికి ఇది మఱింత ముఖ్యము. నెత్తురు పడినచో మూలశంకయే యని మీరే తీర్పు చెప్పుకొనరాదు. మూలశంకయే కావచ్చును, ఆ మాట పరీక్షించిన వైద్యుడు చెప్పవలెను. మలము తారువలె నల్లగా జిగటగా నున్నచో కడుపులో పైభాగమున నెత్తురు కారుచుండవచ్చును, ఆలస్యము కూడదు. ఇనుపమాత్రలును నల్లబఱచును గనుక వాని సంగతి చెప్పవలెను. సున్నపుమట్టివలె తెల్లబడి, కన్నులు పచ్చబడి, మూత్రము ముదురురంగుగా నున్నచో పిత్తము దారి మూసికొనినదని అనుమానింపవలెను. బంక, నెత్తురు, జ్వరము కూడినచో రక్తగ్రహణి. కారణము లేక బరువు తగ్గుట, రక్తము పలుచబడుట, రాత్రి నిద్రలేపు విరేచనము, కడుపు ఉబ్బి మలమును వాయువును రెండును నిలిచి వాంతులగుట, ఇవి ఊరకుండదగినవి కావు. చివర చెప్పినదానికి ఆ గడియలోనే వైద్యశాల చేరవలెను.

మఱియొక మాట. ఇంటి ఆడువారు చీకటి పడువఱకు, మగవారు లేవకముందు వెలుపలికి పోవుటకై వేగమును అణచుకొని దశాబ్దములు గడపిరి. దానివలన వారికి కలిగిన బాధలను ఏ పుస్తకమును లెక్కించలేదు. 2014 తరువాత ఇంటింట మరుగుదొడ్లు విస్తరించినవి. అది మేలు. నీళ్లు పోయుటకు ముందు ఒక్కసారి క్రిందికి చూచుట ఇప్పుడు సులభమైనది. చూచుట అసహ్యము కాదు. రైతు ఎద్దు పేడను చూచి దాని ఆరోగ్యము చెప్పగలడు. తన సంగతి చెప్పలేకుండుట న్యాయమా?

మీరు ఊరిలో పెద్దలు. మీ మాట చెల్లును. ఇంటిలో ముసలివారు గాని నడివయసువారు గాని చెంబుతో పోయివచ్చుటలో తేడా కనబడినప్పుడు, నవ్వక, తిట్టక, ఒక్కమాట అడుగుడు: “ఎన్నాళ్లనుండి?” వారు నాలుగు దినములని చెప్పినను, బట్టలుదికిన చేతులవారిని కూడ అడుగుడు. మా ఇంటిలో ఆ మాట తలుపు చాటునుండి ఎనిమిది నెలలకు వచ్చినది. మీ ఇంటిలో అది మొదటి వారముననే, తలుపు తెఱచియుండగా, రావలెనని నా ప్రార్థన.